సిస్టమ్ ఓపెన్ అయిన రోజు

అన్నయ్య పోయాడన్న కబురు, దోసె పెనం మీద ఉండగా వచ్చింది. మా ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "ఎప్పుడు? రూములోనేనా?" అని అడుగుతున్నారు. ఆ రెండో ప్రశ్నతో నాకు అర్థమైపోయింది. ఇంకెవరి గురించైనా అయితే ఏ ఆస్పత్రిలో అని అడిగేవారు. అన్నయ్య విషయంలో ఆ మాట అడగక్కర్లేదని మా ఇద్దరికీ తెలుసు. పొయ్యి కట్టేశాను. దోసె అప్పటికే మాడిపోయింది.

సాయంత్రానికి, సౌదీలో మేముండే జుబైల్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో పెట్టారు. ఎవరి పుట్టినరోజు ఫంక్షన్‌లోనో తీసిన గుంపు ఫోటోలోంచి మొహం వరకూ కత్తిరించారు, పక్కవాడి భుజం కూడా వచ్చింది. దాని కింద వరసగా దండం పెట్టే చేతులు. ఆ చేతుల కిందే, శుక్రవారం పిక్నిక్‌కి పులిహోర ఎవరు తెస్తారన్న చర్చ. నేనూ ఆ గ్రూపులో ఉన్నదాన్నే కాబట్టి ఒకర్ని అనడానికి లేదు. అయినా తిట్టుకున్నాను.

మేం సౌదీ వదిలి వచ్చేసే ముందు ఆ తెలుగువాళ్ళ సంఘం పత్రికవాళ్ళే ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. "బాధగా కాకుండా కొంచెం పాజిటివ్‌గా రాయండి మేడమ్" అని ఒక సలహా కూడా ఇచ్చారు. నాకు చేతనైనట్టు రాస్తున్నాను. పాజిటివ్ ఎక్కడైనా కనిపిస్తే అది అన్నయ్యది, మిగిలింది నాది.

ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. ఆయనది కోరుట్ల దగ్గర ఒక పల్లె, మాది కాకినాడ. మా ఇంట్లో కంప్యూటర్ హ్యాంగ్ అవుతుంటే బాగుచేయడానికి వచ్చి, మొదటి రోజే నన్ను "చెల్లె" అన్నాడు, మా ఆయన్ని "బావ" అన్నాడు. మా ఆయన బిగుసుకుపోయే మనిషి. ఆయన కూడా ఆ పూట నవ్వేసి "రండి బావగారూ" అన్నారు. ఆ వరస అలా స్థిరపడిపోయింది.

ఆ కంప్యూటర్ మేం ఇండియా నుంచి వస్తూ అట్టపెట్టెలో తెచ్చుకున్నది. అప్పటికే ముసలిది. కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటారేమో. ఆ రోజుల్లో జుబైల్‌లో సంసారాలున్న ఏ ఇంట్లోనూ కొత్త వస్తువు కొనేవారు కాదు. పెళ్ళాం పిల్లల్ని దగ్గరుంచుకుంటే తలకింత చొప్పున నెలనెలా లెవీ కట్టాలని రూలొచ్చింది. అది ఏడాదికోసారి పెరుగుతుంది. దాంతో అందరి నోటా ఒకటే మాట, "ఎలాగూ ఈ ఏడాది వెళ్ళిపోతాంగా". కర్టెన్లు చిరిగినా అదే మాట, మిక్సీ కాలినా అదే మాట. మా ఆయన ప్లాంటులో ఆపరేటరు. ఆయన కంపెనీలో ఏ నెల ఎవరి పేరు పోతుందో తెలియదు. అందుకని ఆ ముసలి కంప్యూటర్ మీదే పాప స్కూలు పనీ, నా రాతలూ, పదేళ్ళ ఫోటోలూ అన్నీ నడిచేవి. నడిచేవి అనకూడదు. ఆగి ఆగి కదిలేవి.

ఎందుకు ఆగుతోందన్న దాని మీద మా బిల్డింగ్‌లో ఎవరి సిద్ధాంతం వాళ్ళకుంది. వైరస్ అని మా ఆయన. ఫార్మాట్ కొట్టించండి అని పై ఫ్లాట్ ఆయన. ఆయన జలుబుకి కూడా ఫార్మాటే చెప్పేలా ఉండేవాడు. నాకు మాత్రం ఒకటే అనుమానం. మా ఆయన కూర్చుంటే అది బాగానే పనిచేస్తుంది, నేను కూర్చోగానే బాణం గుర్తు బిగుసుకుపోతుంది. ఈ మాట అంటే, "నీ చేతి మహిమ" అని మా ఆయన వెటకారం.

అప్పుడు బలద్‌లో, అంటే పాత జుబైల్ బజారులో, ఒక షాపు నుంచి అన్నయ్యని పిలిపించాం. బక్కపల్చటి మనిషి. చొక్కా జేబులో పెన్ను వెనకాల పెన్నులా ఒక స్క్రూడ్రైవర్. కంప్యూటర్ ముందు కుర్చీ వేసుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏంటండీ, చూడరా?" అన్నాను.

"సూస్తనే ఉన్న చెల్లె. అది హ్యాంగ్ అయ్యేదాక నేను ముట్టుకోను. నువ్వు రోజు చేసుకునే పనే చేస్కో. జర చాయ్ పోస్తవా?"

టీ ఇచ్చాను. ఒక గుక్క తాగి, "మీ ఆంధ్రోళ్ళ చాయ్‌ల నీళ్ళు దండిగుంటయ్" అన్నాడు. కప్పు ఖాళీ చేసి మళ్ళీ అడిగాడు కాబట్టి ఊరుకున్నాను.

అది ఆగిపోయింది. నేను అలవాటు ప్రకారం మౌస్‌ని బల్లకేసి కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ మీట నొక్కాడు. పైన చిన్న పచ్చ దీపం వెలిగింది. మళ్ళీ నొక్కాడు, ఆరింది.

"సూసినవా? లైటు ఎలుగుతున్నదంటే పానమున్నట్టే. లోపల ఏందో పనిల వడ్డది, మనకు జవాబిస్తలేదు. గట్లున్నప్పుడు ఆగాలె. లైటు కూడ ఎలుగకపోతె ఇగ సచ్చినట్టు, అప్పుడు బటన్ వట్టుకోని బంద్ చెయ్. పానమున్నదాన్ని మాత్రం సంపొద్దు."

ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో. మా పాప కూడా నేర్చుకుంది. స్క్రీన్ బిగుసుకుంటే చాలు, "అమ్మా, పానమున్నది" అని ఆయన యాసలోనే అరిచేది.

ఆయనకింకో పద్ధతి ఉండేది. ఒక రాకలో ఒక్కటే మార్చేవాడు. మొదటిసారి మూత విప్పి, లోపల అట్టలు కట్టిన ఇసుక దుమ్మంతా పాత పెయింట్ బ్రష్‌తో దులిపి వెళ్ళిపోయాడు. పనిలో పనిగా మెమరీ కార్డు కూడా తీసి తుడవచ్చు కదా అన్నారు మా ఆయన. "రెండు ఒక్కపారే చేస్తె ఏది రోగమో ఎట్ల ఎరుకైతది బావా?" అన్నాడు. రెండోసారి వచ్చి మెమరీ కార్డు కాళ్ళని పాప పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు. ఇక ఆగదు, రాసిస్తా అన్నాడు. మర్నాడే ఆగింది. మూడోసారి మళ్ళీ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎండ దంచేస్తోందని నేను ఏసీ వేశాను. ఏసీ కంప్రెసర్ డుబ్బుమని ఎక్కింది, బాణం గుర్తు బిగుసుకుంది. ఆయన ఏసీ వంక చూశాడు, కంప్యూటర్ వంక చూశాడు, ఆ తర్వాత గోడ వంక చూశాడు.

పాత జుబైల్ ఫ్లాట్లలో గోడకి రెండు రకాల సాకెట్లుండేవి, నూటపది వోల్టులకొకటి, రెండొందల ఇరవైకొకటి. మన దేశంలో పుట్టిన కంప్యూటర్‌ని మా ఆయన అడాప్టర్ పెట్టి నూటపదిలో గుచ్చారు. ఏదో నడుస్తోంది కదా అనుకున్నాం. ఏసీ ఎక్కిన ప్రతిసారీ దానికి చాలీచాలని కరెంటు ఇంకాస్త పడిపోయేది. మా ఆయన సాయంత్రాలు ఏసీ లేకుండా కూర్చునే పిసినారి. నేను మధ్యాహ్నం ఏసీ వేసుకుని కూర్చునే మనిషిని. నా చేతి మహిమ అదీ.

"మూడుసార్లచ్చిన, గా ఏసీ సప్పుడు ఇనలే సూడు. చెవులున్నయ్ గని ఏం ఫాయిదా" అని తన మీద తనే నవ్వుకున్నాడు. ప్లగ్గు మార్చాడు. చాలావరకూ బాగుపడింది. చాలావరకూ అంటున్నానంటే, నడి వేసవిలో మళ్ళీ ఆగేది. వేడికి తట్టుకోలేని ముసలిది. అప్పుడాయన పక్క మూత పూర్తిగా ఊడదీసి గోడకి ఆనించాడు. మా టేబుల్ ఫ్యాన్ తెచ్చి లోపలి భాగాలకి గాలి కొట్టేట్టు తిప్పిపెట్టాడు. ఊడదీసిన మరలు ఖాళీ హాజ్మోలా సీసాలో వేసి నా చేతికిచ్చాడు.

"ఇవి జాగ్రత్త. నేను పొయ్యేనాడు వచ్చి బిగిస్త."

"ఎక్కడికి పోయేనాడు?"

"ఇంటికే చెల్లె. ఎగ్జిట్ పడంగనే మొదలు గీడికే వస్త. మూత బిగిచ్చి, నీ నీళ్ళ చాయ్ తాగి, ఫ్లయిటెక్కుత."

ఆయన ఇంటికి పోవాలన్నది సరదా కాదు. ఆ మాటకొస్తే ఈ స్మృతి అంతా దాని గురించే.

అక్కడి సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలని నితాఖాత్ అని ఒక లెక్క. ఆ లెక్క ప్రకారం కంపెనీలకి రంగులు. ఆకుపచ్చ అయితే పనులన్నీ జరుగుతాయి. ఎరుపులోకి పడితే ప్రభుత్వం కంప్యూటర్లలో ఆ కంపెనీ లావాదేవీలు ఆపేస్తారు. దాన్నే అందరూ "సిస్టమ్ బంద్" అంటారు. సిస్టమ్ బంద్ అయితే పనివాళ్ళ ఇఖామాలు, అంటే అక్కడ ఉండడానికిచ్చే కార్డులు, రెన్యూ కావు. ఇఖామా చచ్చిపోతే ఆరోగ్య బీమా కూడా దాంతోపాటే పోతుంది. ఇఖామా బతికితే గానీ దేశం దాటే ఎగ్జిట్ పడదు. ఉండడానికి కాగితం లేదు, వెళ్ళడానికీ లేదు. ఇలా మధ్యలో బిగుసుకుపోయినవాళ్ళు మా కళ్ళముందే ఎంతమందో.

అన్నయ్య పనిచేసిన షాపులో సెల్‌ఫోన్లే ముఖ్యం. ఆ పని సౌదీలే చేయాలన్నారు, సగం షాపు మూతపడింది. కఫీల్, అంటే ఆయన్ని తెచ్చుకున్న యజమాని, మిగిలిన సగంలో కంప్యూటర్ రిపేర్లు నడిపించాడు. లెవీలు కట్టడం మానేశాడు. ఎరుపులోకి పడ్డాడు. అన్నయ్య ఇఖామా గడువు దాటిపోయింది. ఆ ఇఖామాలో ఆయన వృత్తి పెయింటర్ అని ఉండేది. "పెయింట్ బ్రష్ వట్టుకోనే తిరుగుతున్న గద, అబద్ధమేముంది" అనేవాడు.

ఈలోగా ఆయనకి గుండెలో నొప్పి మొదలైంది. ఒకసారి పడిపోతే ఎమర్జెన్సీలో చూశారు, అంతవరకు చూశారు. రక్తనాళాలు పూడుకుపోయాయి, ఆపరేషన్ చేయాలి, మీ దేశం వెళ్ళి చేయించుకో అన్నారు. బీమా లేదు కాబట్టి వాళ్ళు చెప్పగలిగింది అదే. హైదరాబాద్‌లో ఆస్పత్రి, డాక్టరు అన్నీ అన్నయ్య అల్లుడు మాట్లాడిపెట్టాడు. ఇక కావలసింది ఒక ఎగ్జిట్ మాత్రమే. ఆయన వచ్చి టీ తాగుతూ ఈ సంగతి చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"కేసు పెట్టండి అన్నయ్యా. ఎంబసీకి వెళ్ళండి."

"పెట్టిన. అన్ని పెట్టిన. గాడ గూడ సిస్టమ్‌లనే ఉన్నదట." నిమ్మళంగా నవ్వి, "జర ఆగాలె" అన్నాడు. కంప్యూటర్ గురించి చెప్పే గొంతుతోనే చెప్పాడు.

కఫీల్ తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషిని మందూబ్ అంటారు. అన్నయ్య ఆశ అంతా ఆ మందూబ్ మీదే. కఫీల్ ఫోన్ ఎత్తడు, మందూబ్ ఎత్తుతాడు. కంపెనీ సిస్టమ్ ఒక్క పూట తెరుచుకున్నా నీ ఇఖామా రెన్యూ కొట్టి, వెంటనే ఎగ్జిట్ వేయిస్తానని అతను మాటిచ్చాడు. అన్నయ్య పాస్‌పోర్ట్ పట్టుకుని సంతకానికి రావాలి, అంతే. ఆ మాటకి బదులుగా అతని ఇంట్లో కంప్యూటర్‌కి అన్నయ్య పర్మినెంట్ వైద్యుడు. అది కూడా హ్యాంగయ్యే బాపతే. వారానికోసారైనా ఫోన్ వచ్చేది. అరబ్బీ, హిందీ కలిపిన మాటల్లో, "సిస్టమ్ బంద్, ఆవో" అనేవాడు. అన్నయ్య బస్సెక్కి వెళ్ళేవాడు. కొన్నిసార్లు దారిలో ఉండగానే, "ఖలాస్, సిస్టమ్ ఓపెన్" అని ఇంకో ఫోన్. తనంతట తనే తేరుకుందన్నమాట. అన్నయ్య సగం దారిలో దిగి వెనక్కి వచ్చేసేవాడు. అలా దిగిపోయి మా ఇంటికొచ్చిన రోజులున్నాయి. "గా మందూబ్ కంప్యూటర్‌కు నన్ను సూస్తె భయం చెల్లె. నేనొస్తున్ననంటెనే బాగయితది" అనేవాడు.

మన తెలుగువాళ్ళం కంప్యూటర్‌ని సిస్టమ్ అంటాం. సౌదీలో పనివాళ్ళ బతుకంతా తెరిచి మూసేదాన్నీ సిస్టమే అంటారు. ఆఫీసులో అదే మాట, షాపులో అదే మాట, ఇంట్లో అదే మాట. దానివల్ల ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు.

ఆ రోజు మా కంప్యూటర్‌కి పెద్ద ఆపరేషన్. హార్డ్ డిస్క్ చివరి దశకొచ్చిందని, ఉన్నదంతా ఇంకో డిస్క్‌లోకి ఎక్కించడానికి వచ్చాడు. పాప చిన్నప్పటి ఫోటోలూ, నేను రాసుకున్నవీ అన్నీ అందులోనే. పొద్దున్న మొదలుపెట్టాడు. ఎంత ఎక్కిందో చూపే గీత స్క్రీన్ మీద నత్తలా పాకుతోంది. "మద్దెల ఇడిసిపెడితె పాతదీ పోతది, కొత్తదీ పోతది" అని పక్కనే కూర్చున్నాడు. ఆయాసంగా ఉందని నేను దిండిస్తే వెనక్కి పెట్టుకున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పప్పులో మామిడికాయ వేశాను, ఇంకాస్త వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుంటుండగా ఆయన ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్లో పెట్టాడు.

"సిస్టమ్ ఓపెన్. సిస్టమ్ ఓపెన్. ఆవో, జల్దీ" అంది అవతలి గొంతు. వెనక ఏదో గోల. అవతలే పెట్టేశాడు.

అన్నయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "మందూబ్. వాని సిస్టమ్ ఓపెనయ్యిందట."

"ఓపెనైతే మళ్ళీ రావడమెందుకట?" అన్నారు మా ఆయన.

"మల్ల బందయితదని భయం గావచ్చు. అయ్యేదాక ముట్టుకునేది లేదు బావా, మన రూలే గది. రేపు పొద్దుగాల పోత." కుర్చీలోకి వచ్చి కూర్చుని, పాకుతున్న గీత వంక చూశాడు. ఫోన్ ఇంకో రెండుసార్లు మోగింది. ఆయన నవ్వి, జేబులో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మందూబ్ ఇంటికి వెళ్ళాడు, స్క్రూడ్రైవర్ పట్టుకుని. మందూబ్ తలుపు తీసి ఆయన చేతిలోది చూసి, పాస్‌పోర్ట్ ఏదని అడిగాడట.

కఫీల్ ఎవరో ఇద్దరు సౌదీ కుర్రాళ్ళని కాగితం మీద చేర్చుకుని, తనకి కావలసినవాళ్ళ లెవీలు కట్టుకున్నాడు. ముందు రోజు మధ్యాహ్నమంతా కంపెనీ సిస్టమ్ తెరిచే ఉంది. మందూబ్ ఆఫీసు నుంచే ఫోన్ చేశాడు. అన్నయ్య రాలేదు, ఆయన వంతు ఇంకెవరికో పోయింది. సాయంత్రం ఆ కుర్రాళ్ళలో ఒకడు మానేశాడు. పొద్దున్నకి మళ్ళీ ఎరుపు.

ఇదంతా ఆయనే మా ఇంటికొచ్చి చెప్పాడు. టీ వద్దన్నాడు. అలా ఆయన టీ వద్దనడం నేను చూసింది ఆ ఒక్కసారే. "సిస్టమంటె వాని సిస్టమనుకున్న చెల్లె" అన్నాడు. అలా రెండుసార్లు అన్నాడు. మా ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

ఆ రోజు ఆయన మా ఇంట్లో ఉన్నాడు కాబట్టి తప్పు నాదని నన్ను నేను తిట్టుకుంటూ రాస్తానని మీరు అనుకుంటే, రాయను. ఆయనే ఒప్పుకోడు. మా ఫోటోలు దక్కాయి, అది ఆయన చేతి చలవ. ఒక జబ్బు మనిషి ఇంటికి వెళ్ళడానికి ఒక మధ్యాహ్నం మాత్రమే తలుపు తెరవడం, అది తెరిచామని చెప్పడానికి రెండు మాటలే వాడడం, ఆ రెండు మాటలకి రెండు అర్థాలుండడం, ఇవన్నీ మా ఇంట్లో తయారైనవి కావు. లెవీ కట్టనివాడు హాయిగా ఉన్నాడు. కార్డు లేనివాడు గుండె పట్టుకుని మెట్లెక్కాడు. దీన్ని విధి అంటే నేను ఒప్పుకోను.

ఆ తర్వాత అన్నయ్య మందూబ్ ఫోన్ ఏది వచ్చినా పాస్‌పోర్ట్ చొక్కా జేబులో పెట్టుకునే వెళ్ళేవాడు. స్క్రూడ్రైవర్ పక్కనే నీలం పుస్తకం. ప్రతిసారీ అది ఇంటి కంప్యూటరే అయ్యేది. బాగుచేసి వచ్చేవాడు.

చలికాలం వచ్చింది. ఆయన మెట్లెక్కలేడని మా ఆయనే కారులో తీసుకొచ్చి కింద కూర్చోబెడితే, నేను ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళేదాన్ని. ఒకరోజు కారు సీట్లో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. భయపడి, "అన్నయ్యా" అన్నాను. కళ్ళు తెరవకుండానే బొటనవేలు నా చేతిలో ఉన్న ఫ్లాస్కు మూత మీద పెట్టి, మీట నొక్కినట్టు నొక్కాడు.

"ఎలుగుతున్నది చెల్లె. పానమున్నది" అన్నాడు.

"ఎన్నాళ్ళు ఆగుతారు అన్నయ్యా, అరవండి, గొడవ చెయ్యండి" అన్నాను. నా గొంతే పెద్దదైంది, పక్క కారువాళ్ళు చూశారు.

"అరిస్తె స్క్రీన్ కదులుతదా?" అన్నాడు. తర్వాత తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "ఒక్కపారన్న గట్టిగ అరువకపోతి" అన్నాడు. ఆయన నోటినుంచి నేను విన్న చేదు మాట అదొక్కటే. నాకు అన్నిటికన్నా ఎక్కువ గుర్తుండేది కూడా అదే. ఆయన నేర్పిన ఓపిక కంప్యూటర్‌కి పనికొచ్చింది. మనుషుల విషయంలో అది పనికిరాదని ఇద్దరం ఆలస్యంగా తెలుసుకున్నాం.

ఆ తర్వాత కొన్నాళ్ళకే నేను మొదట చెప్పిన దోసె పొద్దు. రూములో, నిద్రలోనే పోయాడన్నారు తోటివాళ్ళు.

శవాన్ని పంపే కాగితాల కోసం మా ఆయన తిరిగారు. శవానికి కూడా ఎగ్జిట్ వేయాలి. బతికున్న మనిషికి అన్ని నెలలు పట్టి కూడా జరగనిది, పోయాక జరిగింది. ఎవరితో ఎవరు మాట్లాడారో, ఏ తలుపు తెరుచుకుందో తెలియదు. ఆ రోజు మధ్యాహ్నం మందూబ్ మా ఆయనకి ఫోన్ చేశాడు. అదే గొంతు, అవే మాటలు.

"సిస్టమ్ ఓపెన్."

ఈసారి ఎవరూ పొరపాటుపడలేదు. మా ఆయన తాళాలు కూడా వెతక్కుండా పరుగెత్తారు, మళ్ళీ తాళాల కోసం వెనక్కి వచ్చారు. దమ్మామ్ నుంచి హైదరాబాద్ విమానంలో అన్నయ్య ఇంటికి వెళ్ళాడు. మందూబ్ కూడా ఎయిర్‌పోర్టు కార్గో దాకా వచ్చాడని, ఒక మూల నిలబడి ఏడ్చాడని మా ఆయన చెప్పారు. అతన్ని తిట్టాలని నేను దాచుకున్న మాటలు అలాగే ఉండిపోయాయి.

పాప పరీక్షలవగానే నాకూ పాపకీ మా ఆయన ఫైనల్ ఎగ్జిట్ వేయించారు. లెవీ మళ్ళీ పెరిగింది, ఇక మావల్ల కాలేదు. సామాను కట్టడానికి వచ్చిన కార్గో మనిషి కంప్యూటర్ చూసి, "దీని మూత బిగించి ఇవ్వండి, స్క్రూలు ఉన్నాయా?" అన్నాడు. మా ఆయన నా మొహం చూశారు. ఉన్నాయని నేను చెప్పలేదు. అతను మూత ఆనించి చుట్టూ టేపు వేసి పెట్టెలో పెట్టాడు. హాజ్మోలా సీసా నా హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను.

దమ్మామ్ ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ దగ్గర దాన్ని బయటికి తీయించారు. ఒకామె సీసా ఊపి చూసి, ఇదేంటని అడిగింది. కంప్యూటర్‌వి అన్నాను. తిరిగి ఇచ్చేసింది. సీసా చేత్తో పట్టుకునే పాస్‌పోర్ట్ కౌంటర్‌కి వెళ్ళాం. గాజు అవతల ఒక కుర్రాడు. మా ఇద్దరి పాస్‌పోర్టులూ తీసుకుని మీటలు నొక్కాడు, మళ్ళీ నొక్కాడు, స్క్రీన్ వంక చిరాగ్గా చూశాడు. అయిదు వేళ్ళూ మొగ్గలా దగ్గరికి చేర్చి చూపిస్తూ, "సిస్టమ్. శ్వయ్యా" అన్నాడు. కొంచెం ఆగమని.

పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను మునివేళ్ళ మీద లేచి గాజులోంచి లోపలికి చూశాను. కీబోర్డు మూల కనిపించలేదు. క్యాప్స్ లాక్ నొక్కి చూడు బాబూ అనాలనిపించింది, ఏ భాషలో అనాలో తెలియలేదు. వెనక లైను పెరుగుతోంది.

కాసేపటికి అతను తలెత్తి, "ఖలాస్. సిస్టమ్ ఓపెన్" అన్నాడు. టకటకా రెండు ముద్రలు వేసి పాస్‌పోర్టులు ఇటు తోశాడు. నేనూ పాపా నడిచాం. సీసాలో మరలు చప్పుడు చేసుకుంటూ మాతో పాటు గీత దాటాయి.